బూట్లు విప్పి నడిచే మేస్త్రి

జెద్దాలో మేం కట్టిన ఆసుపత్రికి నేలరాళ్లు పరిచిన జగిత్యాల మేస్త్రికి ఒక అలవాటుండేది. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు బూట్లు విప్పేసి, నిన్న తాను పరిచిన నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిచేవాడు. సైటులో బూట్లు విప్పడం తప్పు. ఇంజనీరుని కాబట్టి రోజూ కసిరేవాణ్ణి. "రెండే నిమిషాలు సార్" అనేవాడు, నడక ఆపకుండానే.

ఒకరోజు పట్టుకుని గట్టిగా నిలదీశాను.

"కంటికి దొరకనిది కాలుకు దొరుకుతది సార్" అన్నాడు. మళ్లీ నడక అందుకుంటూ, "ఇంతకుముందు ఖతీఫ్ ఊళ్ల ఎన్ని ఇండ్లకు రాళ్లు ఏసిన్నో! తలుపులు పెట్టినంక ఒక్కదాంట్ల గూడ అడుగు పెట్టలె. నడిచేదేదో ఇప్పుడే నడుస్త" అన్నాడు.

అప్పట్లో నేను సెలవుకి ఇంకెన్ని రోజులున్నాయోనని చూసుకుంటూ బతికేవాణ్ణి. సంతోషమంతా ఊళ్లోనే వదిలి వచ్చానని నా నమ్మకం. ఆయనకేమో అది రోజూ పొద్దున ఆరింటికి అరికాళ్ల కింద దొరికేది. నిజం చెప్పాలంటే కుళ్లుకున్నాను.

ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఆయన ఇంటికి వెళ్లిపోయే రోజు కూడా మధ్యాహ్నం దాకా పనిచేసి, హాల్లో చివరి వరస పూర్తి చేశాడు. కింది సిమెంటు గట్టిపడేదాకా దాని మీద కాలు పెట్టకూడదు. సాయంత్రమే విమానం. ఆ వరస ముందు నిలబడి, "రేపు పొద్దుగాల మీరు జర నడువుండ్రి సార్" అన్నాడు.

మర్నాడు ఆరింటికి బూట్లు విప్పాను. రాయి చల్లగా ఉంది. ఎక్కడా గోరంత ఎగుడు తగల్లేదు. వెనక నుంచి సేఫ్టీ ఆఫీసర్ కేకేశాడు, "సార్, షూస్!"

"రెండే నిమిషాలు" అన్నాను, నడక ఆపకుండానే.