జీపు డ్రైవర్ మారిన రోజు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. కథలో మనిషి మొదట ఉన్నట్టు చివర్లో ఉండకూడదన్నది ఒకటి, ఉట్నూర్ అడ్డా మీద జీపు నిండనిదే కదలదన్నది ఇంకొకటి. మంథని నుంచి డిగ్రీ పట్టుకుని, అడవి పల్లెలోని బడికి తాత్కాలిక తెలుగు సారుగా అప్పుడే వచ్చాను. ఒళ్లంతా ఉత్సాహమే (నా ఊపుకు చాక్‌పీసులు విరిగేవి). ఉట్నూర్‌లో గది అద్దెకు తీసుకుని రోజూ జీపులో బడికి వెళ్లేవాణ్ని.

ఓ రోజు కథలో పాత్ర ఎలా మారుతుందో చెప్పాలని బోర్డు మీద 'జీపు డ్రైవర్' అని రాశాను. నేను రోజూ ఎక్కే జీపు నడిపేది ఆ పల్లెవాడే, పిల్లలంతా బాబాయి అన్నట్టు కాక అని పిలిచే మనిషి. వెనక ఇద్దరు వేలాడితే తప్ప ఇంజన్ తిప్పేవాడు కాదు. "కథ అయిపోయేసరికి ఈయన మారాలి, ఎలా మారుతాడు?" అని అడిగాను. ముందు బెంచీలో, ప్రతిదానికీ అడ్డుప్రశ్న వేసే అమ్మాయి ఉండేది. నేను పెట్టుకున్న పేరు లాయరమ్మ. "కాక మారడు సార్. ఊకెనే ఎందుకు మారుతడు? ఏమన్న జరగాలె గదా" అంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వారం తర్వాత చెబుదామని దాచుకున్న ముక్క అది! గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ కారణమేదో పిల్లలే కనిపెట్టి నోటుబుక్కుల్లో రాసుకున్నారు. జ్వరంతో ఉన్న పసిదాన్ని ఎత్తుకుని ఒక తల్లి జీపెక్కుతుంది. ఇంకా నిండలేదని కాక జీపు కదపడు. పసిది ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుండి ఊరుకుంటుంది. ఆ నిశ్శబ్దానికి కాక భయపడిపోయి జీపు తీస్తాడు, ఆ తర్వాత ఎప్పుడూ జీపు నిండాలని ఎవరినీ ఆపడు.

ఆ వారమే కబురొచ్చింది, నా పాఠం చూడడానికి ఆదిలాబాద్ నుంచి పెద్ద మేడమ్ వస్తున్నారని. ఆవిడ బాగుందంటే నా ఉద్యోగం వచ్చే ఏడాదీ సాగుతుంది, లేదంటే మంథని బస్సే. ఆవిడ వచ్చిన ఉదయం ఉట్నూర్ అడ్డాలో మేడమ్‌ను కాక జీపులో ముందు కూర్చోబెట్టాను. వెనక ఒక ముసలాయన, చంటిబిడ్డతో ఒకావిడ, అంతే. ఇంకా బోలెడు టైముందని ధీమాగా చాయ్‌కి వెళ్లాను. సగం తాగానో లేదో జీపు మలుపు తిరిగిపోతోంది. "కాకా, జర ఆగు" అంటూ గ్లాసుతో సహా జీపు వెనక నేను, గ్లాసు కోసం నా వెనక హోటల్ ఆయన.

ఇంకో జీపు పట్టుకుని (అది మాత్రం నిండాకే కదిలింది) బడికి చేరేసరికి లాయరమ్మ బోర్డు దగ్గర కథ చెబుతోంది, మేడమ్ పిల్లల మధ్య బెంచీలో కూర్చుని వింటున్నారు. కాక గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నన్ను ఇడిసిపెట్టి వచ్చినవేంది కాకా?" అన్నాను మెల్లగా.

"ఏం జెయ్యాలె సారూ. నిన్న పోరగాండ్లు ఇంటికొచ్చి గీ కథ సదివిండ్రు. మా ఇంటిది ఏడ్సింది. పొద్దుగాల జీపుల పిల్లతల్లిని జూస్తే నాకు కాలు నిలువలే."

"మీరెందుకు ఆలస్యం?" అని మేడమ్ నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపే లాయరమ్మ అందుకుంది.

"కాక మారిండు మేడమ్. మా సారే మారలే. జీపు నిండేదాంక ఆగుతదనే అనుకున్నడు."

తరగతంతా ఘొల్లుమంది. మేడమ్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "పాఠం మీరు చెప్పకపోయినా పిల్లలకు వచ్చేసింది" అన్నారు. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు కరీంనగర్‌లో పెద్ద బడిలో పనిచేస్తున్నాను. పాత్ర ఎందుకు మారిందని అడిగితే పిల్లలు గైడులో ఉన్న జవాబు గడగడా అప్పజెబుతారు, నేను మార్కులు వేసేస్తాను. పొద్దున చెప్పిన పాఠం సాయంత్రానికల్లా ఎవరినో మార్చేస్తుందని నమ్మిన ఆ కుర్రసారును తలుచుకుంటే నవ్వొస్తుంది. నిజం చెప్పొద్దూ, వాణ్ని చూస్తే కాస్త కుళ్లు కూడా.