తుమికి కాయలతో కొల్లేటికి

చెన్నపట్నంలో నేను పనిచేసే కాలేజీ లాబొరేటరీకి పచ్చి తుమికి కాయలు కావలసివచ్చాయి. కాయలకు వగరునిచ్చే టానిన్ ఎంత ఉందో, ఏ రకానిదో తేల్చడం మా పని. "మాది ఆ వైపేనండీ, నేను తెస్తాను" అని ప్రొఫెసరు గారితో అన్నాను. కాయల మాట నిజమే గాని, నా ప్రాణమంతా మావారి దగ్గరుంది. ఆయన కొల్లేటి లంకలో మిషను బడి మేష్టారు. పెళ్ళయ్యాక మేము కలిసి గడిపినవి సెలవులే. ఇప్పుడు పట్నంలో ఒక హైస్కూలువారు ఆయనకు ఉద్యోగమిస్తామన్నారు. ఆ కబురు నా నోటితోనే చెప్పాలని, వస్తున్నానని మాత్రమే ఉత్తరం రాసి మెయిలెక్కాను.

తెల్లవారాక ఏలూరు వచ్చింది. దిగిపోదామా అనిపించింది. కాని తుమికి చెట్లున్నది తాడేపల్లిగూడెం పైనున్న మెట్టలో. బండి కదిలాక కొల్లేరున్న దిక్కుకేసి చూస్తూ కూర్చున్నాను.

గూడెంలో దిగి, స్టేషను బయట ఇడ్డెన్లు తిని, ఎడ్లబండి మాట్లాడుకున్నాను. ఎర్రమట్టి దారిలో రెండు గంటల ప్రయాణం. తోట రైతు కాయలు కోయించి బుట్టలో పోయించాడు.

"ఇవి వలలకి పూసుకునేయండీ. నోట్లో పెడితే నాలిక పిడచ కట్టుకుపోద్ది. మీరేం చేసుకుంటారండీ?"

"ఆ వగరు కొలుస్తామండీ."

"వగరు కొలవడమేంటండీ!" అని ఆయన నవ్వాడు.

మధ్యాహ్నం పాసింజరులో వెనక్కి ఏలూరు వచ్చి, హోటల్లో భోజనం చేసి, బస్సెక్కి కొల్లేటి గట్టు దగ్గర దిగాను. వెళ్ళదలచినవారు చీకటి పడకముందే పడవెక్కడం మంచిది. శ్రావణం గనుక నీళ్ళు నిండుగా ఉన్నాయి. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య గడ వేస్తూ పడవవాడు అడిగాడు.

"మేష్టారి ఇంటికాండీ? ఆయన రెండ్రోజుల్నించీ రేవుకొచ్చి చూసెళ్తన్నారండి."

ఆ మాటతో నా ప్రయాణ బడలికంతా పోయింది. రేవులో నిజంగానే నిలబడి ఉన్నారు. బుట్ట అందుకుంటూ "అన్నం తిన్నావా సుగుణా?" అన్నారు. అంతే.

మర్నాడు పొద్దున్న ఉద్యోగం సంగతి చెప్పాను. ఆయన బడి వైపు చూశారు.

"నేను పోతే ఈ బడి తలుపు తీసేవాళ్ళుండరు. మిషనువాళ్ళకి ఇంకో మేష్టారు దొరకడం లేదు."

"మరి నేనండీ?"

"నిన్నిక్కడికి వచ్చెయ్యమని అనలేనుగా. ఇక్కడ నీకు లాబొరేటరీ ఏదీ?"

కోపం రాలేదు. వస్తే తేలికగా ఉండేది. మధ్యాహ్నం పడవకు వెళ్ళిపోతానన్నాను.

"రేపు వెళ్ళకూడదా?"

"కాయలు ఆగవండీ. కోసినా లోపల మగ్గుతూనే ఉంటాయి." ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను. కరక్కాయ వంటి వాటిలో గాలిక్ ఆమ్లం చక్కెర చుట్టూ పట్టుకుని ఉంటుంది. తుమికిలో ఉన్నది వేరే రకం. చక్కెర లేకుండా చిన్న ముక్కలు ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. కాయ పండేకొద్దీ అవి ఇంకా పెద్దవై నీళ్ళలో కరగవు. కరగనిది నాలుకకు తెలియదు. వగరు పోయిందంటాం.

"అది ఆపే మార్గం లేదా?"

ఉంది. కాయలు తరిగి వేడి స్పిరిట్‌లో వేస్తే మార్పు అక్కడితో ఆగిపోతుంది. నా పెట్టెలో స్పిరిట్ సీసాలూ, పరీక్ష సామానూ ఉన్నాయి. ఆ మాట అనగానే ఆయన కత్తిపీట తెచ్చారు. వేడినీళ్ళ గిన్నెలో సీసాలు నిలబెట్టి, ఆయన తరుగుతుంటే నేను వేశాను. కాసిని కాయల రసం అప్పటికప్పుడే పరీక్షించాను. ఇనుప లవణం చుక్క వేస్తే ముదురాకుపచ్చ తిరిగింది; కరక్కాయ రకమైతే నీలం వచ్చేది. నీలిమందు కలిపిన రసంలోకి బ్యూరెట్టు గొట్టంలోంచి పర్మాంగనేటు బొట్టుబొట్టుగా వదిలితే, నీలం పోయి బంగారు పసుపు వచ్చింది. ఇంకో పాలు రసంలోంచి జెలటిన్‌తో టానిన్ తీసేసి మళ్ళీ కొలిచాను. ఆ రెండింటి తేడాయే టానిన్.

"ఇదా నువ్వు రోజూ చేసేది?" అన్నారాయన, బ్యూరెట్టు మీదినుంచి చూపు తిప్పకుండా. "నేను పట్నం వద్దనుకున్నా నువ్విది మానకు."

సాయంత్రం బడి పిల్లల పాఠం విన్నాను. ఆయన గొంతు నీళ్ళ మీదుగా ఎంతో దూరం వినిపించింది. పట్నం రమ్మని మళ్ళీ అడగలేకపోయాను.

మర్నాడు గట్టుదాకా ఆయనే పడవ నడిపారు. ఏలూరులో రైలెక్కాక, ఆడవాళ్ళ పెట్టెలో ఎదుటి పెద్దావిడ అడిగింది.

"మీ ఆయనది ఏ ఊరమ్మా?"

"కొల్లేట్లో లంకండీ."

"మరి నువ్వో?"

"చెన్నపట్నం."

ఆవిడ జరిగి నాకు కిటికీ వైపు చోటిచ్చింది. కొల్లేరు చూడదలచినవారు నీళ్ళు నిండిన ఈ రోజుల్లోనే వెళ్ళండి. ఒక్క రోజే ఉంటామని మాత్రం అనుకోకండి. నాకు రెండు రోజులూ చాలలేదు.