వీధి మొత్తానికి మోగే ఫోను

పోయిన ఏడాది ఆఫీసు పని మీద హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లాను. చేపల వేటకు వెళ్లిన పడవ వేళకు తిరిగి రాకపోతే, పడవ యజమాని ఇంటికి హెచ్చరిక పంపే యాప్ ఒకటి తయారుచేస్తున్నాం. దాన్ని జాలరిపేటలో చూపించాలి. నాతోపాటు దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన డిజైనర్ నొమ్సా ఉంది.

నేను ఫోను తీయబోతుంటే నొమ్సా వద్దంది. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ల పక్కన ఇసుకలో కూర్చుని, పడవ ఆలస్యమైతే ముందు ఎవరికి చెబుతారని నాచేత అడిగించింది.

“ఒకలికి సెప్పడమేటమ్మా? మా ఈది మొత్తం ఒడ్డుకొచ్చెత్తాది,” అంది పోలమ్మ అనే పెద్దావిడ.

నేను ఇంగ్లీషులో చెప్పగానే నొమ్సా నవ్వింది. పక్కన మనుషులుంటేనే మనిషి మనిషవుతాడని తమ పెద్దలు అంటారని చెప్పింది. ఆ మాటను విడమరిచి చెప్పాలేమో అనుకున్నాను. అవసరం రాలేదు. మా యాప్ పడవ యజమాని ఇంటికి మాత్రమే హెచ్చరిక పంపుతుందని కూడా చెప్పాను.

“మా కాడా అంతే. మరి మీ ఫోన్లో ఒక్క ఇల్లే ఎందుకున్నాది?” అంది పోలమ్మ.

“అయితే ఎవరెవరికి మోగాలో మీరే చెప్పండి,” అని నాచేత చెప్పించింది నొమ్సా.

మధ్యాహ్నమంతా వాళ్లు వాదించుకున్నారు. చివరికి వీధిలో అందరి ఫోన్లూ మోగాలని తేల్చారు.

మేం లేవబోతుంటే, అప్పటిదాకా మాట్లాడని ఒకామె నా చెయ్యి పట్టుకుంది. ఆమె భర్త సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదని పోలమ్మ మెల్లగా చెప్పింది.

“మా ఇంట్లో ఇప్పుడు ఏటకెల్లేవోలు లేరమ్మా,” అందామె. “అయినా నా ఫోను కూడా మోగాల. నానూ ఒడ్డుకి రావాల కదా.”