పోతమ్మ అటక మీది ఎండ లైట్లు

మొగలిపేటకు కరెంటు స్తంభాలు రాకపోవడానికి కారణం గెడ్డ, సముద్రంలో కలిసే వాగు. తగరపువలస నుంచి వచ్చే మట్టిరోడ్డు గెడ్డ అవతలి గట్టు మీద, బడి దగ్గరే ఆగిపోతుంది. ఇటు సముద్రం, అటు గెడ్డ, మధ్యనున్న ఇసుకమేట మీద నలభై గడపలు. ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్ళలో నడిచి దాటేవారు. వానలు పడితే తెప్ప మీద దాటేవారు.

పోతమ్మ పుట్టిందీ కాపురం చేసిందీ అక్కడే. పన్నెండేళ్ళ వయసులో కిరసనాయిలు బుడ్డి ఒరిగి వాళ్ళ గుడిసె అంటుకుంది. చెల్లెల్ని బయటికి లాగగలిగింది గానీ, ఆ పిల్ల ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలి ముడుచుకుపోయింది. ఆ తర్వాత పోతమ్మ బుడ్డి వెలిగించిన ప్రతిసారీ, అది ఆరేదాకా దాన్నే కనిపెట్టుకుని ఉండేది.

1998లో పట్నంలో, ద్వారకా నగర్‌లో ఆఫీసున్న ఒక సంస్థవాళ్ళు పేటకు వచ్చారు. ఎండతో చార్జి అయ్యే లాంతర్లు పన్నెండు ఇస్తామనీ, రిపేరు నేర్చుకోవడానికి ఊళ్ళోంచి ఒక మనిషి కావాలనీ చెప్పారు. మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. పోతమ్మ నెత్తిమీది చేపల గంప దించి, "నానొత్తాను" అంది.

"ఏడో తరగతి సదివినదానివి, వైర్లు నీకేటి తెలుస్తాయే?" అన్నాడు మొగుడు తాతబాబు.

"వల అల్లడం నీకు పుట్టగానే వచ్చీసిందేటి?"

పదిహేను రోజులు బస్సెక్కి పట్నం వెళ్ళి వచ్చింది. వేళ్ళు కాల్చుకుంటూ వైర్లు అతకడం నేర్చుకుంది. రోజంతా మంచి ఎండ కాస్తే లాంతరు నాలుగు గంటలు వెలుగుతుంది. చార్జి అడుగంటితే పక్కనున్న చిన్న ఎర్రబల్బు వెలుగుతుంది, ఇంకాసేపటికి లాంతరు దానంతటదే ఆరిపోతుంది. పేటవాళ్ళు వాటిని ఎండ లైట్లన్నారు. పది లైట్లు ఇళ్ళమధ్య వంతులవారీగా తిరిగేవి. రెండింటిని మాత్రం పోతమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. నాలుగు రోజులకోసారి ఎండబెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి మళ్ళీ అటకెక్కించేది. అవి తుపానుకి.

అయిదేళ్ళు తుపాను రాలేదు. "పోతమ్మ అత్తకి ఏడాదంతా తుపానే" అని కుర్రకారు నవ్వేవారు. మరిది దొరబాబు నవ్వడంతో ఆగలేదు. కూతురు పెద్దమనిషైంది, పేరంటానికి చుట్టాలొస్తున్నారు, ఒక్క లైటు ఇమ్మని గుమ్మంలో కూర్చున్నాడు. పోతమ్మ ఇవ్వలేదు.

"సొంత మరిదికి ఇయ్యని దానివి, ఇంకెవరికిత్తావ్ వదినా?" అని లేచిపోయాడు.

పేరంటమైన రెండో రోజు నుంచి మబ్బు కమ్మింది. మూడు రోజులు సూర్యుడి జాడ లేదు. ఇళ్ళలో తిరిగే లైట్లన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి. నాలుగో రోజు ఉదయం రేడియోలో వాయుగుండం తుపానైందని చెప్పారు. మధ్యాహ్నానికల్లా సగం ఇళ్ళవాళ్ళు తెప్ప మీద గెడ్డ దాటి బడికి చేరారు. పడవలు పైకి లాక్కోవాలని ఆగిన వాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు కలిసి అరవై మంది దాకా పేటలో ఉండిపోయారు.

సాయంత్రం అయిదింటికి సముద్రం మేటను కోసుకుని గెడ్డలో కలిసింది. కట్టి ఉంచిన తెప్ప ఒక్క కెరటానికే తెగి కళ్ళముందే కొట్టుకుపోయింది. గెడ్డ నీరు నడుము దాటింది.

"తాడు కడదాం," అన్నాడు తాతబాబు. "ఈది అవతలకి నాను పట్టుకెల్తాను. బేగి లైట్లు తే."

పోతమ్మ ఇంట్లోకి పరిగెత్తి రెండు లైట్లూ దించింది. మొదటిది నొక్కితే తెల్లగా వెలిగింది. రెండోది నొక్కింది. అదీ వెలిగింది గానీ, పక్కన ఎర్రబల్బు కూడా వెలిగింది.

ఎవరో వాడేశారు. వాడి, సంచిలో ఎప్పటిలాగే చుట్టి పెట్టేశారు.

గట్టు మీదికి వచ్చి అందరి ముందే దొరబాబు మీద విరుచుకుపడింది. "అడిగితే ఇయ్యలేదని దొంగతనం సేసేవేటి? ఇంతమంది పానాలు తీత్తావా?"

దొరబాబు మొహం మాడిపోయింది. "నాను దొంగని కాదొదినా."

"మరి రెక్కలొచ్చి నీ పేరంటానికి ఎగిరొచ్చిందా?"

వాళ్ళమ్మ, పోతమ్మ ఇంట్లోనే ఉండే అత్త గంగాలమ్మ, పక్కనే గోనెసంచి కప్పుకుని నిలబడి ఉంది. దొరబాబు ఆమె వైపు ఒకసారి చూసి, తాడు చివర కొబ్బరి మొదలుకి కట్టడానికి వెళ్ళిపోయాడు.

"మంచి లైటు నువ్వు పట్టుకెల్లు," అంది పోతమ్మ మొగుడితో. "నీటిలో ఉన్నోలకి ముందున్నదే కనబడాలి."

"మరి నీకు?"

"నాకిది సాలు. ఎల్లు."

లైటును అల్యూమినియం డేగిసాలో పెట్టి, మూత బిగించి, ఛాతీకి కట్టుకుని తాతబాబు నీళ్ళలో దిగాడు. నడుముకి తాడు. ప్రవాహం అతన్ని యాభై గజాలు కిందికి తోసేసింది. కాసేపు తల కనబడలేదు. పోతమ్మ తాడు మీద చెయ్యి వేసి నిలబడింది. తాడు వదులైంది. మళ్ళీ బిగిసింది. చీకటి పడుతుండగా అవతలి గట్టు మీద తెల్లటి చుక్క వెలిగింది.

పదేసి మందిని పంపారు. పెద్దవాళ్ళు పిల్లల్ని భుజాలకెక్కించుకుని, తాడుకి ఒరుసుకుంటూ దిగుతున్నారు. గట్టు అంచు విరిగి పడుతోంది. అడుగు ఎక్కడ వెయ్యాలో పోతమ్మ లైటు వంచి చూపిస్తోంది. నలభై మందికి పైగా దాటారు. అప్పుడు ఆమె చేతిలోది ఆరిపోయింది.

ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు. వాన, గాలి, కాళ్ళ కింద ఇసుక జారుతున్న చప్పుడు. చంటిబిడ్డనెత్తుకున్న మహేశ్వరి అనే పిల్ల వెనక్కి జరిగి, "నాను దిగను, నా వల్ల కాదు" అని అరవడం మొదలుపెట్టింది. ఆమె అరుపుకి పిల్లలందరూ ఏడుపందుకున్నారు.

పోతమ్మ కింద కూలబడి లైటును ఒళ్ళో బోర్లించింది. ఆ బ్యాటరీలో ప్రాణం ఇంకా కాస్త ఉందని ఆమెకు తెలుసు. పూర్తిగా పీల్చేస్తే బ్యాటరీ చస్తుందని, ముందే ఆపడానికి లోపలొక ఏర్పాటుంటుంది. దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపితే లైటు మళ్ళీ వెలుగుతుంది, తర్వాత ఆ బ్యాటరీ ఎందుకూ పనికిరాదు. అలా చేసిన వాళ్ళకి మళ్ళీ లైటివ్వనని అయిదేళ్ళుగా అందరినీ బెదిరించింది ఆమే.

కొంగు ముడిలోంచి స్క్రూడ్రైవరు తీసింది. "గోనె నా మీద పట్టుకోండి. సుక్క నీరు పడకూడదు."

గంగాలమ్మ గోనె పట్టుకుంది. పోతమ్మ నాలుగు మరలూ వేళ్ళతోనే వెతికి విప్పింది. చీకట్లో ఏ వైరు ఎర్రదో, ఏది నల్లదో తెలియదు. ఏది ఎక్కడినుంచి బయల్దేరుతుందో మాత్రం వేళ్ళకి తెలుసు. ఒకదాన్ని తెంపి, పళ్ళతో తోలు ఊడబీకి, బ్యాటరీ నుంచి వచ్చేదానికి మెలిపెట్టింది. ఏమీ కాలేదు. విప్పి, పక్కదాంతో మెలిపెట్టింది.

వెలిగింది.

"ఎల్లండి! ఇదెంతసేపుంటాదో నాకు తెల్దు. మహేశ్వరీ, బిడ్డని దొరబాబుకియ్యి. నువ్వు ఆడి ముందు నడు."

దొరబాబు బిడ్డను ఎత్తిపట్టుకుని దాటించి, అదే తాడు పట్టుకుని మళ్ళీ వెనక్కి వచ్చాడు. తక్కిన వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దిగారు. వెలుగు తెలుపు తప్పి పసుపైంది. చివరికి ముగ్గురు మిగిలారు. ముందు దొరబాబు, మధ్యన గంగాలమ్మ, వెనక పోతమ్మ. నడిగెడ్డలోకి వచ్చేసరికి పోతమ్మ మెడలో వేలాడుతున్న లైటు పూర్తిగా ఆరిపోయింది.

అప్పుడే ముందున్న చెయ్యి తాడు మీద లేదని ఆమెకు తెలిసింది.

"అత్తా!"

దొరబాబు వెనక్కి తిరిగి చీకట్లోకి చెయ్యి విసిరాడు. జుట్టు దొరికింది. రెండు చేతులా లాగి తల్లిని తాడుకీ తనకీ మధ్య ఇరికించాడు. పోతమ్మ వెనకనుంచి భుజంతో తోసింది. అవతలి వెలుగు కేసి చూస్తూ, ఊపిరికో అడుగు చొప్పున ముగ్గురూ గట్టెక్కారు.

బడి వరండాలో గంగాలమ్మ మింగిన నీళ్ళు కక్కి, కాసేపటికి గొంతు తెచ్చుకుని అంది. "ఆడు తియ్యలేదే. నానే ఇచ్చాను. నువ్వు సేపలమ్మడానికి ఎల్లినప్పుడు తీసి ఇచ్చాను. మన గుంటపిల్ల పేరంటం, ఒక్క రేతిరే గదా అనుకున్నాను."

పోతమ్మకి అరవాలనిపించింది. గోడకి చేరబడి కూర్చుండిపోయింది.

తెల్లారేసరికి పేటలో పద్నాలుగు ఇళ్ళు మిగిలాయి. పడవలు పోయాయి, వలలు పోయాయి. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు. గంజి కోసం అందరూ వరసలో నిలబడ్డప్పుడు పోతమ్మ దొరబాబు దగ్గరికి వెళ్ళింది.

"అందరి ముందూ దొంగన్నాను. అందరి ముందే సెప్తన్నాను, తప్పు నాది."

దొరబాబు తన గిన్నె వైపు చూస్తూ, "అమ్మ పేరు సెప్పమంటావేటి మరి?" అన్నాడు. తర్వాత పక్కకు జరిగి ఆమెకు వరసలో చోటిచ్చాడు.

అత్తతో మాత్రం పోతమ్మ నెల్లాళ్ళు మాట్లాడలేదు. వండి ముందు పెట్టేది, పక్క వేసేది, మాట ఉండేది కాదు. ఒకనాడు గంగాలమ్మకి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళుతూ, దారిలో "దాహమేత్తందా?" అని అడిగింది. అక్కడితో ఆ మౌనం తీరింది.

మరుసటి ఏడాది పేటను గెడ్డ అవతలికి మార్చారు. అక్కడ స్తంభాలున్నాయి, కరెంటుంది. పోతమ్మ స్క్రూడ్రైవరు మాత్రం వదల్లేదు. భీమిలి తీరంలో కరెంటు లేని పేటలకు వారానికి మూడు రోజులు నడిచి వెళ్ళి లైట్లు బాగుచేసేది, ఆడవాళ్ళకి నేర్పేది. వైరు నేరుగా కలపడం మాత్రం అన్నిటికంటే ఆఖరున, ఎవరైనా అడిగితేనే చూపించేది. చూపించే ముందు, బ్యాటరీని చంపుకోవాల్సినంత అవసరం ఉందా, గట్టు మీద దాటాల్సిన వాళ్ళు ఇంకా ఎంతమంది మిగిలారు అని వాళ్ళనే అడిగేది.