మెంగో కుడిచెయ్యి

ఉరికంబం ఎక్కేవాళ్లకి చివరిదాకా తోడుండే సంఘం ఒకటి పూర్వం బొలోన్యా పట్నంలో ఉండేది. అందులో గాస్పరే పాతకాపు. మామూలు రోజుల్లో పీపాలు బిగించుకుంటాడు. కబురొస్తే నల్లముసుగు తగిలించుకుని, క్రీస్తు బొమ్మ గీసిన పలక పట్టుకుని బయల్దేరతాడు. ఆ పలక ఖైదీ ముఖానికి అడ్డంపెట్టి నడిపిస్తే ఉరితాడు కనబడదు.

మెంగో అనే కొండప్రాంతపు గొర్రెలకాపరి మాత్రం పలక వంక చూడనన్నాడు. పాపాలు ఒప్పుకోనని మొండికేశాడు. వాడి భయం చావు గురించి కాదు, చచ్చాక జరిగే కోత గురించి. ఊరివాడి శవాన్నైతే ముట్టరు. పరాయివాడు, అడిగే దిక్కులేనివాడు వైద్యవిద్యార్థుల పాలే.

"ముక్కలైపోతే దేవుడి తీర్పునాడు గోతిలోంచి ఎలా లేస్తాను పెద్దాయనా?"

"కొయ్యకుండా ఆపడం నా చేతుల్లో లేదురా. కానీ అన్నీ ఏరి ఒకే గోతిలో పెడతా. వేలిగోరు కూడా వదలను, ఒట్టు."

ఆ మాట నమ్మి మెంగో పాపాలు ఒప్పుకున్నాడు. పలక చూస్తూనే పోయాడు.

కార్నివాల్ పండగ రోజులు కావడంతో జనం మాస్కులతోనే కోత చూడ్డానికి ఎగబడ్డారు. గాస్పరే గంప పక్కన పెట్టుకుని ముందువరసలో కూర్చున్నాడు. కళ్లు మూయకుండా ఒక్కో ముక్కా గంపలోకి ఏరుకున్నాడు. ఒక్కసారి మాత్రం ఆగలేక వాంతికి బయటికి పరిగెత్తాడు. చివరికి గంప చూసుకుంటే కుడిచెయ్యి లేదు.

"బొమ్మలు గీసే వెంతూరా పట్టుకుపోయాడు" అన్నాడు గది ఊడ్చేవాడు.

అవతల శ్మశానంలో గొయ్యి సిద్ధంగా ఉంది. గంప సంఘంవాళ్లకి అప్పగించి, గాస్పరే వెంతూరా ఇంటికి పరిగెత్తాడు. బల్లమీద చెయ్యి ఉంది, నరాలన్నీ విడదీసి దారాలతో లాగి కట్టి.

"గీయడానికి బొటనవేలొక్కటే మిగిలింది, సాయంత్రందాకా ఆగండి" అని వెంతూరా అడ్డం నిలబడ్డాడు. "మీకేం, పాతేస్తారు. ఈ బొమ్మ చూసి రేపెవరో వైద్యుడు బతికున్నవాడి చెయ్యి నిలబెడతాడు."

బొమ్మ ఎంతో బాగుంది. అంత బాగున్నందుకే గాస్పరేకి ఒళ్లు మండింది.

"ఒట్టేసింది నేను, నువ్వు కాదు. బొటనవేలు కావాలంటే నీది చూసి గీసుకో."

అతన్ని పక్కకి నెట్టి, దారాలు తెంపి, చేతిని ముసుగులో చుట్టుకుని ఉరికాడు.

శవపేటిక మూతకి మేకులు దిగబోతుండగా అందుకున్నాడు. అన్నీ ఉన్నాయి, ఒట్టు నిలబడింది. రెండు చేతులూ రొమ్ముమీద జోడించబోతే కుడిది జారిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. తన జపమాలతో రెంటినీ కలిపి కట్టాడు. ఎందరినో కళ్లు తడవకుండా సాగనంపిన మనిషి, ఆ ముడి వేస్తూ వెక్కివెక్కి ఏడ్చాడు.