నిమ్మరసం గ్లాసు, మూడు వందల మంది

మీరు చప్పట్లు కొట్టిన వీరమరణాల్లో ఏ ఒక్కదాని వల్లనైనా బతికిందెవరని ఎప్పుడైనా అడిగారా? ఇరవై ఏళ్ళు వచ్చేదాకా నేనూ అడగలేదు. నిన్న జగిత్యాల బస్టాండు దగ్గర ఒకామె నిమ్మకాయలు కోస్తుంటే ఆ పుల్లటి వాసనకు, నాకు అడగడం నేర్పిన హబీబ్ సార్ గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

సార్‌ది కోరుట్ల. జగిత్యాలలో మా డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతపడితే పాఠాన్ని రిలే దీక్షల టెంటు కిందికి తెచ్చారు. పొద్దున దండలు వేసుకుని ఒక జట్టు కూర్చునేది, సాయంత్రం సార్ కలిపిన నిమ్మరసం తాగి లేచేది, మర్నాడు ఇంకో జట్టు. ఆకలి మరిచిపోవడానికి సార్ రోజుకో వాదం పెట్టేవారు. నేను కూర్చున్న రోజు వాదం ఇది: ప్రాచీన గ్రీసులో ఒక ఇరుకు కనుమ దగ్గర మహాసైన్యాన్ని అడ్డుకుని చనిపోయిన మూడు వందల మంది గెలిచినట్టా, ఓడినట్టా?

సిరిసిల్ల మగ్గాల చప్పుడును మించి అరిచి పెరిగిన గొంతు నాది. గెలిచారని గంటసేపు వాదించాను. నా మాటలు నాకే తలకెక్కాయి. సాయంత్రం గ్లాసు ఇస్తే తోసేశాను.

"తెలంగాణ వచ్చేదాంక ముట్ట. సచ్చినా సరే."

టెంటంతా నినాదాలు. సార్ మాత్రం పక్కన కూర్చుని మెల్లగా అడిగారు.

"ఆ మూడు వందల మంది ఎన్ని దినాలు ఆపిండ్రు బేటా?"

"మూడు, సార్."

"ఆ మూడు దినాలు ఎవరికి పనికచ్చినయి?"

"వెనకున్నోళ్ళకు. తర్వాత సముద్రం మీద వాళ్ళే గెలిచిండ్రు."

"అంటే గెలుపు కనుమ కాడ లేదు, వెనకున్నది. నీ వెనక ఎవరున్నరో చూసినవా?"

తిరిగి చూశాను. మర్నాటి జట్టుగా బీడీలు చుట్టే ఆడవాళ్ళు పేర్లు రాయించుకోవడానికి వచ్చి నిలబడి ఉన్నారు. ముందున్న రాజవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"తమ్మీ, రేపు మేం పదకొండు మందిమి. పని ఇడిసిపెట్టి వస్తున్నం. నువ్వు గిట్ల కాళ్ళు చాపుకొని సచ్చుడు పెట్టుకుంటే మేమెక్కడ కూసోవాలె? జర పక్కకు జరుగు."

సార్ కళ్ళద్దాలు జారిపోయేలా నవ్వారు. నినాదాలిచ్చిన వాళ్ళూ నవ్వారు. నేను గ్లాసు అందుకున్నాను.

"ఉప్పెక్కువైంది సార్."

"మల్ల కూసో, అప్పుడు సక్కగ కలుపుత."

మళ్ళీ మళ్ళీ కూర్చున్నాను. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే.

వేరే దారి లేక నిలబడి చనిపోయిన వాళ్ళకు తల వంచుతాను. వాళ్ళు కొన్న సమయాన్ని వెనకవాళ్ళు వాడుకుంటేనే అది గెలుపు, లేకపోతే అది చెప్పుకోవడానికి బాగుండే ఓటమి. దారి ఉండగా చావును వెతుక్కోవడం మాత్రం వీరత్వం కాదు. దానికి ఈలలు వేసేవాడికి పోయేదేమీ లేదు.

రాష్ట్రం వచ్చిన రోజు సార్ మిఠాయి పంచలేదు. ఆ టెంటు వేసిన చోటే బిందెడు నిమ్మరసం కలిపారు. రాజవ్వ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఇప్పుడన్న ఉప్పు తగ్గియ్యకపోతివి సార్."

మీ ఎదుట ఎవరైనా ప్రాణమిస్తానంటే చప్పట్లు ఆపండి. అతని చేతికి గ్లాసు అందించి, రేపటి జట్టులో మీ పేరు రాయించండి.