కృపావరం ఆపరేషన్

మా పక్కింటి కృపావరానికి ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర సైకిల్ షాపు. 1976లో అతని భార్య ప్రసన్నకుమారి మూడో కాన్పులో చచ్చి బతికింది. ఇంకో కాన్పు వస్తే మనిషి దక్కదని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది. ఆమెకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేద్దామంటే ఒంట్లో రక్తం లేదు. "నేనే చేయించుకుంటాలే" అని కృపావరం నంద్యాల క్యాంపుకు పోయొచ్చాడు. ఎమర్జెన్సీ రోజులే అయినా ఎవరూ లాక్కుపోలేదు, తనంతట తనే పోయాడు. ఆపరేషన్ వెంటనే పనిచేయదని, మూడు నెలలు భార్యకు దూరంగా ఉండమని అక్కడ గట్టిగా చెప్పి పంపారు.

ఇంక ఊరికి వేరే పని లేకపోయింది. టీ బంకు దగ్గర ఒకటే వాదన. ఆడదానికి చేయించాల్సింది మగాడు చేయించుకుంటే అదేం సంసారమని ఒకడు, రేపు పిల్లలకు పాలు కూడా ఇస్తాడేమోనని ఇంకొకడు. వీళ్ల నోళ్లు పడిపోను! చర్చిలోనూ అదే గొడవ. కృపావరం ప్రతి నెలా ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచేవాడు. సంఘపెద్ద మద్దిలేటి ఆరాధన అయ్యాక లేచి, "అంగలోపం ఉన్నోడు బల్ల ముట్టగూడదప్పా. వాడు మొగోడా కాదా, ముందు అది తేల్చండి" అన్నాడు. మగవాళ్లంతా తలా ఒక మాట అన్నారు. ఆడవాళ్ల వైపు చాప మీద ఉన్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. కృపావరాన్ని బల్ల పని నుంచి తప్పించారు.

అతను మూడు నెలలు ఆగలేదు.

ప్రసన్నకు నెల తప్పిందని తెలిసి వాళ్లింటికి పరిగెత్తాను. "వద్దంటే ఏడ్సినాడక్కా, నేను మొగోన్ని కాదా అని" అంది. తీయించుకోమన్నాను. పాపమంది. కృపావరం మాత్రం షాపు ముందు నిలబడి, "నాదేప్పా బిడ్డ. ఆపరేషన్ నన్నేం చేయల్యా" అని వచ్చినవాడికల్లా చెప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏం చేస్తాండావప్పా నువ్వు? ఆ పిల్ల బతకాలనే కదా నంద్యాలకు పోయింది?"

"ఏం గాదులేక్కా. దేవుడుండాడు" అన్నాడు కళ్లు దించుకుని. మద్దిలేటి సంతోషంగా అతన్ని మళ్లీ బల్ల దగ్గర నిలబెట్టాడు.

నొప్పులు మొదలవగానే జీపులో నంద్యాలకు బయలుదేరదీశాం. శిరివెళ్ల దాటకముందే ప్రసన్న ప్రాణం పోయింది. బిడ్డా దక్కలేదు.

సమాధి దగ్గర మద్దిలేటి ప్రార్థన మొదలుపెట్టబోతుంటే ప్రసన్న తల్లి మరియమ్మ అల్లుడి ముందుకొచ్చి నిలబడింది. ఆమె ఏడవడం లేదు.

"నువ్వు మొగోడివని అందరూ ఒప్పుకున్యారు కదా నాయనా. ఇంక నా బిడ్డను నాకియ్యి."